తెల్లగా ఉన్నదంతా వాన కాదు



చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి పక్క పల్లెల్లో ఉండి వింటున్న రైతన్నలకు, మల్బరీ ఆకు కోసుకొచ్చి పట్టుపురుగుకు వేస్తున్న అక్కలకు, ద్రాక్షతోటలో కాపలా కూర్చున్న తమ్ముళ్లకు, అందరికీ నమస్కారం.

ఈ పూట మీతో ఒక ఫోటో గురించి మాట్లాడతాను. మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. అక్టోబరు, నవంబరు వచ్చిందంటే చాలు, అది ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతూ ఉంటుంది. నల్లటి బొమ్మ. అందులో మన దేశం అంచులు సన్నగీతలతో గీసి ఉంటాయి. వాటి మీద తెల్లటి మరకలు. కింద ఎవరో ఒకరు రాసి పెడతారు, ఈ రాత్రికి కుండపోత అని.

అది చూసినాక, కల్లంలో శెనక్కాయ ఆరబోసుకున్న ఇంట్లో ఎవరికి నిద్ర పడుతుంది? అర్ధరాత్రి లేస్తారు. టార్చి వేసుకుని పోతారు. పరిచిన కాయంతా కుప్ప చేస్తారు. పైన టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి వస్తారు. తెల్లారితే ఒక్క చినుకు ఉండదు. ఇంకో వారం అలాంటి ఫోటోనే మళ్లీ వస్తుంది. పోరా, వీళ్లెప్పుడూ ఇంతే అని దుప్పటి కప్పుకుంటారు. ఆ రాత్రే దంచి కొడుతుంది.

ఫోటోలో తప్పు లేదు. దాన్ని చదివే తీరు మనకెవరూ చెప్పలేదు, అంతే.

అందుకని అసలు మాట ముందే చెప్పేస్తాను. మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోవద్దు. రాత్రిపూట వచ్చే ఆ మబ్బుల ఫోటోలో తెల్లగా కనపడేది వాన కాదు. చలి. ఎంత తెల్లగా ఉంటే, ఆ మబ్బు నెత్తి అంత చల్లగా ఉందని అర్థం.

చలి ఫోటోలో ఎట్లా పడుతుంది? అక్కడికే వస్తున్నాను. అంతకంటే ముందు, ఆ ఫోటో ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం.

మీ మిద్దె మీద టీవీ డిష్ ఉంటే, అది ఎటు చూస్తోందో ఒకసారి గమనించండి. దక్షిణానికీ తూర్పుకూ నడుమ చూస్తుంటుంది. కోతి వచ్చి కదిలిస్తే తప్ప, ఏళ్ల తరబడి అదే దిక్కు. ఎందుకంటే అది చూసే ఉపగ్రహం మన కంటికి కదలదు. భూమధ్యరేఖకు నేరుగా పైన, సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో, భూమి ఎంత వేగంగా తిరుగుతుందో అదీ అంతే వేగంగా తిరుగుతుంది. అందుకని ఎప్పుడూ ఆకాశంలో ఒకే చోట నిలబడినట్టు ఉంటుంది. మబ్బుల ఫోటో తీసే ఉపగ్రహాలూ ఆ వరుసలోనే ఉన్నాయి.

మనకు ఇప్పుడు రెండున్నాయి. ఒకటి ఇన్‌శాట్-3డీఎస్. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి ఎగిరింది. బరువు 2,274 కిలోలు. ఖర్చంతా కేంద్రంలో వాతావరణ శాఖను చూసుకునే భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖే పెట్టుకుంది. కాకినాడ రేవులో పడవెక్కి, నేరుగా దక్షిణానికి పోతూనే ఉన్నారనుకోండి. భూమధ్యరేఖ దగ్గర నడిసముద్రంలో తలెత్తితే, దాదాపుగా నెత్తి మీదే ఉంటుంది ఈ 3డీఎస్. రెండోది ఇన్‌శాట్-3డీఆర్. 2016 సెప్టెంబరు 8న, అదీ శ్రీహరికోట నుంచే పోయింది. ఇది పడమటి పక్క, మన కార్వారుకు సూటిగా దక్షిణంగా పోతే వచ్చేచోట ఉంది. ఒకటి తూర్పు సముద్రం పక్క, ఒకటి పడమటి సముద్రం పక్క. మధ్యలో మనం.

వీటిలో ఫోటో తీసే యంత్రాన్ని ఇమేజర్ అంటారు. అహ్మదాబాదులో ఇస్రో కేంద్రం వాళ్లు తయారు చేశారు. దాని టెలిస్కోపు మూతి సుమారు ఒక అడుగు వెడల్పు, అంతే. దాని ముందు ఒక అద్దం ఉంటుంది. ఆ అద్దం కదులుతూ భూమిని అడ్డంగా ఒక గీత చూస్తుంది. కాస్త కిందికి జరిగి ఇంకో గీత. మళ్లీ కిందికి, ఇంకో గీత. అట్లా ఉత్తరం నుంచి దక్షిణం దాకా భూగోళం మొత్తం చూసేసరికి సుమారు 27 నిమిషాలు పడుతుంది. అరగంటకొక బొమ్మ వస్తుంది. రెండు ఉపగ్రహాలూ వంతులవారీగా తీస్తే, పావుగంటకొకటి మన చేతికొస్తుంది.

వాతావరణ శాఖ పెట్టే బొమ్మ మీద టైము రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి జీఎంటీ, ఒకటి ఐఎస్‌టీ. మనకు కావాల్సింది ఐఎస్‌టీ, అదే మన గడియారం. ఫోన్‌లో ఫోటో రాగానే తెలుపు ఎక్కడుందని చూడొద్దు. మొదట తేదీ చూడండి. తర్వాత టైము చూడండి. తేదీ కత్తిరించేసిన ఫోటో ఎవరైనా పంపితే, దాన్ని అక్కడే వదిలేయండి. పోయిన ఏడాది తుపాను ఫోటో ఈ ఏడాది పంపేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు.

సరే. ఇక చలి సంగతి.

బాగేపల్లి పక్క బండలకు కరువు లేదు. ఎండాకాలంలో, పొద్దు గుంకినాక, ఒక పెద్ద బండ దగ్గరికి పోయి నిలబడండి. దాన్ని ముట్టుకోవద్దు. అరచేతిని మూరెడు దూరంలో పెట్టండి. సెగ తగులుతుంది. కంటికి ఏమీ కనపడదు. చీకట్లో బండ మెరవదు. అయినా చేతికి తెలుస్తుంది. అదే బండ దగ్గరికి తెల్లవారుజామున పోయి చెయ్యి పెట్టండి. సెగ తగ్గిపోయి ఉంటుంది. బండ చల్లబడిందని ముట్టుకోకుండానే చెప్పేస్తారు మీరు.

ఆ సెగ కూడా ఒక రకం వెలుగే. మన కంటికి అందని వెలుగు. ఇన్‌ఫ్రారెడ్ అంటారు. బండ ఒక్కటే కాదు, నేల వదులుతుంది, చెరువు నీళ్లు వదులుతాయి, మబ్బు వదులుతుంది. వేడిగా ఉన్నది ఎక్కువ వదులుతుంది. చల్లగా ఉన్నది తక్కువ వదులుతుంది. ఉపగ్రహంలో ఉన్న ఇమేజర్ చేసేది మీ అరచెయ్యి చేసిన పనే. 36 వేల కిలోమీటర్ల దూరం నుంచి సెగ చూస్తుంది. దానికి పగలైనా ఒకటే, రాత్రైనా ఒకటే.

అంత దూరం నుంచి అంత సన్న సెగను పట్టాలంటే, పట్టే యంత్రం తాను చల్లగా ఉండాలి. లేకపోతే దాని సెగ దానికే అడ్డం. అందుకని ఇమేజర్ లోపలి భాగాన్ని సున్నా కంటే 150 డిగ్రీలకు పైగా కింద ఉంచుతారు. కరెంటు ఫ్రిజ్ లేదు. ఎండ పడని దిక్కుకు, ఖాళీ ఆకాశం వైపు తెరిచిన ఒక పలక ఉంటుంది. ఉన్న వేడంతా దాని గుండా బయటికి పోతుంది. సూర్యుడు ఆరు నెలలు భూమధ్యరేఖకు ఉత్తరాన, ఆరు నెలలు దక్షిణాన ఉంటాడు కదా. అందుకని ఏడాదికి రెండుసార్లు ఉపగ్రహాన్ని మొత్తంగా వెనక్కి తిప్పుతారు, ఆ పలక మీద ఎండ పడకుండా. తిప్పే ఆదేశం పోయేది ఎక్కడినుంచో కాదు, మన కర్ణాటకలోనే, హాసన్‌లో ఉన్న ఇస్రో కేంద్రం నుంచి. నన్నడిగితే, రాకెట్టు ఎగరడం కంటే ఇదే పెద్ద విశేషం. టీవీలో మాత్రం దీన్ని ఎవరూ చూపించరు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, జాగ్రత్తగా వినండి. సెగ ఎక్కువున్న చోటును నల్లగా, తక్కువున్న చోటును తెల్లగా వేస్తారు. కావాలనే అట్లా తిప్పి వేస్తారు. పగలు మబ్బు మన కంటికి తెల్లగా ఉంటుంది కాబట్టి, రాత్రి బొమ్మలోనూ తెల్లగానే ఉండాలని. దాంతో మనం, ఓహో ఇది మామూలు ఫోటోనే అనుకుంటాం. కాదు. అది సెగ బొమ్మ. తెలుపంటే చలి.

రంగుల బొమ్మలూ వస్తాయి. పసుపు, ఎరుపు, ఊదా. ఆ రంగులు ఆకాశంలో లేవు. కంప్యూటరు దగ్గర మనుషులు పూసినవి. చాలా బొమ్మల్లో ఎరుపు పూసేది అన్నిటికంటే చల్లటి చోటుకు. ఎరుపు చూసి అక్కడ వేడిగా ఉందనుకునేరు. బొమ్మ పక్కన ఒక రంగుల పట్టీ ఉంటుంది, ఏ రంగు ఎన్ని డిగ్రీలో అందులో రాసి ఉంటుంది. అది చూడకుండా రంగుల బొమ్మ చదవొద్దు.

మబ్బు నెత్తి చల్లగా ఉంటే మనకేం? ఏముందంటే, చలిని బట్టి ఎత్తు తెలుస్తుంది. పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుంది, కిలోమీటరుకు సుమారు 6 డిగ్రీలు. నమ్మకపోతే నందికొండ ఎక్కి చూడండి. చిక్కబళ్లాపురం ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. కొండ నెత్తి 1,478 మీటర్లు. ఎక్కింది అర కిలోమీటరు పైచిలుకే. మూడు, నాలుగు డిగ్రీలు తగ్గి, శాలువా కావాలనిపిస్తుంది. మరి ఉరుముల మబ్బు 12, 15 కిలోమీటర్లు పైకి లేస్తుంది. దాని నెత్తి మైనస్ 60, మైనస్ 70 డిగ్రీల దాకా పోతుంది. అందుకే ఫోటోలో ధగధగమనే తెలుపు.

కాబట్టి తెలుపంటే చలి. చలి అంటే ఎత్తు. వాన సంగతి ఫోటో ఇంకా చెప్పలేదు. ఎత్తు సంగతే చెప్పింది.

మోసపోయేది ఇక్కడే. కడప దిక్కున సాయంత్రం పెద్ద ఉరుముల వాన పడిందనుకుందాం. ఆ మబ్బు నెత్తిన ఉన్న మంచు రవ్వలు పైగాలికి కొట్టుకుని మన మీదికి వచ్చాయి. 10 కిలోమీటర్ల ఎత్తున ఒక పొర. కింద తడి లేదు, వాన లేదు. మీరు కల్లంలో పడుకుని చూస్తే చంద్రుడు మసకమసకగా కనపడుతూనే ఉంటాడు. చంద్రుడి చుట్టూ గుడి కూడా కట్టవచ్చు.  ఫోన్‌లో చూస్తే మాత్రం చింతామణి మీద తెల్లగా పరుచుకుని ఉంటుంది. ఆ తెలుపు చూసే అర్ధరాత్రి శెనక్కాయ కుప్ప చేసింది మనం.

దీనికి సరిగ్గా తిరగబడ్డ సంగతి ఇంకోటి ఉంది. చలికాలం తెల్లవారుజాము. నందికొండ చుట్టూ మబ్బు నేలకు దిగి ఉంటుంది. ద్రాక్షతోటలో తుంపర. ఆకులన్నీ తడి. దేవనహళ్లి ఎయిర్‌పోర్టులో విమానాలు దిగలేక చుట్టూ తిరుగుతుంటాయి. ఇమేజర్ బొమ్మ తీసి చూడండి. మన మీద ఏమీ లేనట్టే ఉంటుంది, నేల రంగే ఉంటుంది. ఎందుకు? ఆ మబ్బు నేలకు ఆనుకుని ఉంది. నేల ఎంత చల్లగా ఉందో అదీ దాదాపు అంతే చల్లగా ఉంది. సెగలో తేడా లేదు కాబట్టి బొమ్మలోనూ తేడా లేదు. బొమ్మ చూసి ఆకాశం తేటగా ఉందనుకుంటే నష్టం మనకే. ద్రాక్షకు బూజు తెగులు తెచ్చేది ఆ తడే. పట్టుపురుగుకు తడి ఆకు వేస్తే ఏమవుతుందో చింతామణి, శిడ్లఘట్ట అక్కలకు నేను చెప్పక్కర్లేదు.

అంటే తెల్లగా ఉన్నా వాన లేకపోవచ్చు. తెల్లగా లేకపోయినా తుంపర ఉండొచ్చు. మరి ఈ బొమ్మతో ఏం లాభం అని మీరు అడగొచ్చు. ఒక్క బొమ్మతో పెద్దగా లాభం లేదు. రెండు, మూడు పక్కపక్కన పెట్టుకుంటేనే లాభం.

పగటిపూట ఎట్లా చూడాలో చెబుతాను. ఇమేజర్‌కు ఆరు రకాల చూపులున్నాయి. అన్నీ మనకు అక్కర్లేదు. ఒకటి సెగ చూపు, ఇందాక చెప్పింది. ఇంకొకటి మామూలు వెలుగు చూపు, విజిబుల్ అని రాసి ఉంటుంది. ఇది పగలే పనిచేస్తుంది. మబ్బు మీద ఎండ పడి తిరిగి పోయే వెలుగును చూస్తుంది. మబ్బు మందంగా ఉంటే ఇందులో తెల్లగా వస్తుంది. పలుచగా ఉంటే కింద నేల కనపడుతుంది. గుర్తుంచుకోండి. సెగ బొమ్మ ఎత్తు చెబుతుంది. వెలుగు బొమ్మ మందం చెబుతుంది.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. సెగ బొమ్మలోనూ తెలుపు, వెలుగు బొమ్మలోనూ తెలుపు. అంటే మబ్బు ఎత్తుగా ఉంది, మందంగానూ ఉంది. కల్లంలో ఏముందో చూసుకోండి. సెగ బొమ్మలో తెలుపు, వెలుగు బొమ్మలో మసక. అంటే పైన పలుచటి పొర. దానికి భయపడక్కర్లేదు. ఇక సెగ బొమ్మలో ఏమీ లేదు, వెలుగు బొమ్మలో తెలుపు. అంటే కింద మబ్బు, ముసురు, తుంపర. కాయ ఆరదు, ఆకు తడుస్తుంది, పిడుగులు మాత్రం ఉండవు.

ఇంకోసారి చెబుతాను. రెంటిలోనూ తెలుపైతే జాగ్రత్త. సెగలో మాత్రమే తెలుపైతే పలుచటి పొర. వెలుగులో మాత్రమే తెలుపైతే కింది మబ్బు.

రాత్రి వెలుగు బొమ్మ ఉండదు. అప్పుడు సెగ బొమ్మలే మూడు తీసుకోండి, అరగంటకొకటి చొప్పున. మబ్బు పెరుగుతోందా? ఇంకా తెల్లబడుతోందా? ఒక అంచు కత్తిరించినట్టు గట్టిగా ఉందా? ఉంటే ఆ మబ్బు ప్రాణంతో ఉంది, ఇంకా పైకి లేస్తోంది. అట్లా కాకుండా వెడల్పు అవుతూ, అంచులు పీచుపీచుగా విడిపోతూ, తెలుపు తగ్గుతూ ఉంటే అది అయిపోయిన మబ్బు. మన మీదికి వచ్చినా నాలుగు చినుకులు రాల్చి పోతుంది. ఒక్క ఫోటోలో ఈ రెండూ ఒకేలా కనపడతాయి. మూడు చూస్తే ఆరో తరగతి పిల్లాడు కూడా చెప్పేస్తాడు.

శాస్త్రవేత్తలు కూడా ఇట్లాగే వరుస బొమ్మలు చూస్తారు. ఒక మబ్బు అరగంటలో ఎంత జరిగిందో కొలిచి, సముద్రం మీద పైగాలి వేగం లెక్క కడతారు. సముద్రం మధ్యలో గాలి కొలిచే స్తంభాలు మనం పాతలేదు కదా.

కొలత సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. సెగ బొమ్మలో ఒక్క చుక్క అంటే నేల మీద 4 కిలోమీటర్లు. అంటే 4 పొడవు, 4 వెడల్పు. బాగేపల్లి ఊరూ, చుట్టూ ఉన్న పల్లెలూ అంతా కలిపి ఒక్క చుక్క. చిక్కబళ్లాపురం నుంచి బాగేపల్లికి గీత గీస్తే పది చుక్కలు. వెలుగు బొమ్మ ఇంకా సన్నం, చుక్కకు ఒక కిలోమీటరు. అంటే సెగ బొమ్మలో ఒక చుక్క ఉన్నచోట ఇందులో పదహారు చుక్కలు. ఎంత సన్నమైనా మీ నాలుగెకరాలు దానికి కనపడవు. కట్టకు ఇవతల వాన, అవతల ఎండ మనం చూసినవాళ్లమే. ఆ తేడా ఈ బొమ్మ చెప్పలేదు.

ఇంకో చిన్న విషయం. ఉపగ్రహం భూమధ్యరేఖ మీద, మనకు దక్షిణాన ఉంది. మనల్ని కాస్త వంపుగా చూస్తుంది. 15 కిలోమీటర్ల ఎత్తున్న ఉరుముల మబ్బు నెత్తి, బొమ్మలో అది నిజంగా ఉన్నచోటు కంటే సుమారు 4 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగి కనపడుతుంది. అంటే ఒక చుక్క. తెల్లటి మరక మన ఊరికి ఒక చుక్క ఉత్తరాన ఉంది, మనకేం కాదులే అని మంచం వాల్చుకోవద్దు. ఆ మబ్బు మీ నెత్తినే ఉండొచ్చు.

వాటర్ వేపర్ అని రాసిన బొమ్మ కూడా వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది. పెద్ద పెద్ద సుడులు, చూడటానికి భయంగా ఉంటుంది. అది చాలా ఎత్తున ఉన్న గాలిలోని తేమను చూసే చూపు. నేలను చూడదు. అందులో తెల్లగా ఉన్నచోట మబ్బే ఉండాలని కూడా లేదు. వాతావరణం వాళ్లకు అది ఎంతో పనికొస్తుంది. మనకు కల్లం దగ్గర పనికిరాదు.

ఈ చూపులన్నీ మనకు మొదటినుంచీ లేవు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. వేల మంది పోయారు. అప్పటికి మన దేశానికి సొంతంగా ఇట్లా ఒకేచోట నిలబడి చూసే ఉపగ్రహం లేదు. 1982 ఏప్రిల్‌లో ఇన్‌శాట్-1ఏ పోయింది. కొన్ని నెలలకే పాడైంది. 1983 ఆగస్టు 30న అమెరికా వాళ్ల చాలెంజర్ షటిల్‌లో ఇన్‌శాట్-1బీ పోయింది. అది నిలిచింది. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పటినుంచే టీవీ వార్తల్లో మబ్బుల బొమ్మ రావడం. అప్పట్లో సెగ బొమ్మలో ఒక చుక్కకు 11 కిలోమీటర్లు. ఇప్పుడు 4. 2002 సెప్టెంబరులో వాతావరణం కోసమే ఒక ఉపగ్రహం పంపారు. మరుసటి ఏడాది దానికే కల్పనా చావ్లా పేరు పెట్టారు. 2013 జులైలో ఇన్‌శాట్-3డీ వచ్చింది. ఆరు చూపుల ఇమేజర్ దానితోనే మొదలు. 3డీఆర్, 3డీఎస్ దాని తమ్ముళ్లే.

తుపాను లాంటి పెద్ద వానకు ఈ బొమ్మ నిజంగా ఉపకారం చేస్తుంది. 2021 నవంబరు గుర్తుందా? రాగి కోతకొచ్చి నిలబడి ఉంది. టమోటా తోటల మీద ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం లేచి, 19వ తేదీ తెల్లవారుజామున చెన్నైకి, పుదుచ్చేరికి మధ్య తీరం దాటింది. మన జిల్లాలో చెరువులు మరవ పారాయి. కోయని రాగి చేలోనే మొలకెత్తింది. కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది కూడా ఆ రోజే. అట్లాంటి వాన చాటుగా రాదు. వందల కిలోమీటర్ల మబ్బు ముందు సముద్రం మీద కనపడుతుంది, తర్వాత తీరం, తర్వాత చిత్తూరు, మదనపల్లె, ఆ తర్వాత చింతామణి. బొమ్మల వరుస చూస్తుంటే అది నడిచి రావడం తెలుస్తుంది. కోతకు మనుషులను పిలుచుకోవడానికి ఒక రోజైనా దొరుకుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో వచ్చే రాళ్ల వాన అట్లా కాదు. మధ్యాహ్నం రెండింటికి చిన్న చుక్క. నాలుగింటికి నల్లగా మూసుకుని, మామిడి పిందెలు రాల్చి, ద్రాక్ష పందిరి కూల్చి, ఐదింటికి ఏమీ ఎరగనట్టు ఎండ కాస్తుంది. దానికి అరగంట బొమ్మ కూడా ఆలస్యమే. ఆ నెలల్లో మధ్యాహ్నం అన్నం తిన్నాక ప్రతి కొత్త బొమ్మా చూడండి. గుండ్రంగా, గట్టి అంచుతో, గంటలోపల చిన్న చుక్క పెద్ద మరక అయిందంటే మేకలను చెట్ల కింద నుంచి తోలుకు రండి.

మరి రాడార్ ఉంది కదా అంటారా? అదైతే మబ్బు లోపలి చినుకులనే చూస్తుంది. కానీ చెన్నై రాడార్ మనకు 250 కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంది. భూమి వంపు వల్ల దాని కిరణం ఇక్కడికి వచ్చేసరికి చాలా ఎత్తున పోతుంది. కింది వాన దానికి సరిగ్గా అందదు. అందుకని మన పక్క ఉపగ్రహం బొమ్మకు ఇంకాస్త విలువ ఎక్కువ.

బొమ్మలు వాతావరణ శాఖ వెబ్‌సైటులో ఉచితంగా ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చేదాకా కాచుకోవద్దు. పిల్లలకు చెబితే ఫోన్‌లో తీసి పెడతారు. ఇక నిజంగా ఎంత పడిందో చెప్పేది నేల మీద ఉన్న వానమాపకమే. బెంగళూరులో కర్ణాటక ప్రకృతి విపత్తుల పర్యవేక్షణ కేంద్రం ఉంది. 1988లో కరువును గమనించడానికి పెట్టిన చిన్న విభాగం పెరిగి ఇట్లా అయింది. వాళ్లు గ్రామ పంచాయతీల్లో సోలార్‌తో నడిచే వానమాపకాలు పెట్టారు. అవి పావుగంటకోసారి లెక్క పంపిస్తాయి. వరుణమిత్ర అని వాళ్ల హెల్ప్‌లైన్ ఉంది, రాత్రీ పగలూ పలుకుతుంది. మీ హోబళిలో ఎంత పడిందో, ఎంత పడొచ్చో అడిగి తెలుసుకోవచ్చు.

ఈసారి హస్త కార్తె రాగానే ఒక పని మొదలుపెట్టండి. గోడకున్న క్యాలెండరులో తేదీ పక్కనే రెండు ముక్కలు రాయండి. రాత్రి తొమ్మిదింటి బొమ్మలో మీ ఊరి మీద తెలుపు ఉందా, లేదా. తెల్లారి పంచాయతీ వానమాపకంలో ఎంత పడింది. స్వాతి కార్తె అయ్యేదాకా రాయండి. ఏ తెలుపుకు లేవాలో, ఏ తెలుపుకు పడుకోవచ్చో ఆ క్యాలెండరే మీకు చెబుతుంది.